వినికిడి తగ్గాక అమ్మ నలుగురిలో కలవడం మానేసింది. ఏం చేయాలి?

అమ్మకు 74 ఏళ్లు. రెండు చెవులకూ మెషిన్ పెట్టుకుంటుంది. ఎదురుగా ఒక్కరే కూర్చుని మాట్లాడితే అంతా అర్థమవుతుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడితే మాత్రం అంతా గోలే. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది హై పిచ్ శబ్దాలు కదా, స, ష లాంటి అక్షరాలు అందవు. అందరూ నవ్వితే ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వేస్తుంది. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇప్పుడు సాయంత్రాలు స్నేహితురాళ్ల దగ్గరికి వెళ్లడమే మానేసింది. వాళ్లు మంచివాళ్లు, పిలుస్తూనే ఉన్నారు.

ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) మెషిన్ సెట్టింగ్స్ మార్చారు, గోలగా ఉండే చోటికి వేరే ప్రోగ్రామ్ పెట్టారు. వెనక గోడ ఉండేలా కూర్చోబెట్టి చూశాం. తేడా లేదు.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లు మళ్లీ నలుగురిలో కూర్చునేలా చేసింది ఏమిటి?