టోక్యోలో దిగి ఒసాకాలో విమానం ఎక్కడం: ఓపెన్-జా టికెట్ ఎలా కొనాలి?

ప్రశ్న:
అమ్మను వెంటబెట్టుకుని ఏడు రోజుల పర్యటనకు జపాన్ వెళ్తున్నాను. టోక్యో, క్యోటో, ఒసాకా ఈ వరుసలో చూడాలని ఉంది. రానుపోను టికెట్ టోక్యోకే తీసుకుంటే చివరి రోజు మళ్లీ వెనక్కి రావాలి. ఒసాకా దగ్గరి కాన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరుగు ప్రయాణం పెట్టుకుంటే, రెండు వన్‌వే టికెట్లు విడివిడిగా కొనాలా? అమ్మకు శ్రమ తగ్గించడమే నాకు ముఖ్యం.

జవాబు 1:
తప్పకుండా కాన్సాయ్ నుంచే బయలుదేరండి. షింకన్‌సెన్‌లో (జపాన్ బుల్లెట్ రైళ్లలో) నొజోమి అనే రైలు ఒసాకాలోని షిన్-ఒసాకా స్టేషన్ నుంచి టోక్యోకు దాదాపు రెండున్నర గంటలలో చేరుస్తుంది కానీ, గది ఖాళీ చేసి, సామానుతో స్టేషన్‌కు, అక్కడి నుంచి విమానాశ్రయానికి చేరేసరికి సగం రోజు పోతుంది. టికెట్లు మాత్రం విడిగా కొనకుండా, వెతికేటప్పుడు ‘మల్టీ-సిటీ’ అనే ఎంపికను ఎంచుకోండి. ఇలా ఒక నగరంలో దిగి మరో నగరం నుంచి తిరిగి వచ్చే టికెట్‌నే ఓపెన్-జా అంటారు. పెద్ద విమాన సంస్థలు సాధారణంగా టోక్యో రానుపోను ఛార్జీలో సగమూ, ఒసాకా రానుపోను ఛార్జీలో సగమూ కలిపి లెక్కకడతాయి కనుక, మొత్తం మామూలు రానుపోను ధరకు దగ్గరగానే ఉంటుంది. చవక విమాన సంస్థలు ఒక్కో ప్రయాణాన్నీ విడిగానే అమ్ముతాయి. వాటిలో కలిపి కొన్నా, విడిగా కొన్నా తేడా ఉండదు.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక. ఒకే టికెట్‌లోని విమానాలను వరుస తప్పకుండా ఎక్కాలి. మా అన్నయ్య మొదటి విమానం అందుకోలేక, సంస్థకు ఏమీ చెప్పకుండా వేరే టికెట్ కొని వెళ్లిపోయాడు. తిరుగు టికెట్ రద్దయిందని విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర నిలబడినప్పుడు గాని తెలియలేదు. విమానం తప్పిపోతే ముందు ఆ సంస్థకే ఫోన్ చేయండి.

షింకన్‌సెన్ సంగతి కూడా చూసుకోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే, పెద్ద సామానుకు స్థలం ఉన్న సీటును ముందే రిజర్వు చేసుకోవాలి. పెట్టెకు టేపు పెట్టి ఇంట్లోనే కొలవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఇదే ప్రయాణాన్ని ఒసాకాలో మొదలుపెట్టి టోక్యోలో ముగిస్తే ఏమైనా లాభం ఉంటుందా?

జవాబు 1:
రెండు దిశల్లోనూ ధర చూడండి, కానీ నేనైతే వేళలను బట్టే నిర్ణయిస్తాను. టోక్యో విమానాశ్రయాల్లో హనేదా నగరానికి దగ్గర, నరిటా దాదాపు 60 కిలోమీటర్ల దూరం. అర్ధరాత్రి నరిటాలో దిగవలసి వస్తే అమ్మగారికి కష్టం. హనేదాలో పగటిపూట దిగే విమానం దొరికితే మీ మొదటి వరుసే ఉంచుకోండి. క్యోటో నుంచి కాన్సాయ్‌కు హరుకా రైలు సుమారు గంటంబావులో నేరుగా వెళ్తుంది కనుక, ఒసాకాను మధ్యలో చూసి చివరి రెండు రాత్రులు క్యోటోలోనే ఉన్నా ఇబ్బంది లేదు.