పాత లినక్స్ డ్రైవర్‌లో టైమ్‌వాల్ (సెకన్లు, మైక్రోసెకన్లు దాచే పాత టైపు) తీసేస్తున్నా, దాని బదులు ఏం పెట్టాలి?

మారతహళ్ళి_కుర్రాడు:
అందరికీ నమస్తే. బెంగళూరులో చిన్న కంపెనీలో చేస్తున్నా. 32 బిట్ ఆర్మ్ బోర్డు మీద మా సొంత సెన్సర్ డ్రైవర్ ఉంది, లినక్స్ 4.4 కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) నాటిది, ఇప్పుడు 6.1కి తెస్తుంటే డూ_గెట్‌టైమ్‌ఆఫ్‌డే (టైమ్‌వాల్‌లో ఇప్పటి టైమ్ ఇచ్చే ఫంక్షన్) లేదు అని కంపైల్ ఆగిపోతోంది. రెండు చోట్ల టైమ్ తీసుకుని తేడా చూసి టైమౌట్ లెక్కేస్తాం, ఇంకోచోట ఐఆక్టల్‌లో (ప్రోగ్రామ్ డ్రైవర్‌కి కమాండ్ పంపే కాల్) యూజర్ ప్రోగ్రామ్‌కి టైమ్‌స్టాంప్ ఇస్తాం. అన్నీ టైమ్‌స్పెక్64 (64 బిట్ సెకన్లుండే కొత్త టైపు) చేసేస్తే చాలా? 2038 దాకా ఈ బాక్సులు ఎక్కడుంటాయిలే అంటున్నారు మా లీడ్ గారు, కానీ ఒకసారి గోడకి బిగిస్తే వీటిని పదిహేనేళ్ళు ఎవరూ ముట్టుకోరు.

బోర్డు_బ్రింగప్:
ఉంటాయి తమ్ముడూ, కచ్చితంగా ఉంటాయి. 2038 జనవరి 19న మన టైమ్‌లో పొద్దున 8:44:07 దాటగానే 32 బిట్ టైమ్_టీ (1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే టైపు) పొంగి 1901కి వెళ్ళిపోతుంది, అందుకే 5.6 నుంచి ఆ పాత టైపులు కెర్నల్ లోపల వాడనివ్వట్లేదు. కానీ గుడ్డిగా మార్చకు. తేడా కావాల్సిన చోట అసలు గడియారం టైమే వద్దు, కేటైమ్_గెట్ (తేదీ మార్చినా దూకకుండా ముందుకే నడిచే టైమ్) తీసుకుని కేటైమ్_యూఎస్_డెల్టా వాడు. మా బోర్డులో ఆర్‌టీసీ (పవర్ పోయినా నడిచే గడియారం) బ్యాటరీ లేదు, 1970లో బూట్ అవుతుంది, నెట్ రాగానే ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసేది) టైమ్‌ని ఒక్కసారి ఇప్పటికి లాగుతుంది, సరిగ్గా ఆ మధ్యలో రీడింగ్ నడుస్తుంటే యాభై ఏళ్ళు గడిచాయనుకుని డ్రైవర్ సెన్సర్‌ని రీసెట్ చేసేది. రెండు రాత్రులు కస్టమర్ సైట్‌లోనే కూర్చుంటే గానీ దొరకలేదు. ఇంకోటి, మైక్రోసెకన్ల తేడాని ఇంట్‌లో పెడితే 35 నిమిషాలకే పొంగిపోతుంది, ఎస్64లో (64 బిట్ పూర్ణాంకం) పెట్టుకో.

సిల్క్‌బోర్డ్_దగ్గర:
పైన అన్న చెప్పింది కరెక్ట్. 64 బిట్ నంబర్ని మామూలుగా భాగించకు, 32 బిట్ ఆర్మ్‌లో ఏఈఏబీఐ_ఎల్‌డివ్‌మాడ్ (64 బిట్ భాగహారం చేసే ఫంక్షన్) లేదని లింక్ అవ్వదు, కెర్నల్‌లోని డివ్_ఎస్64 వాడు. ఐఆక్టల్ మాత్రం జాగ్రత్త, స్ట్రక్చర్ సైజు ఆ కమాండ్ నంబర్లోనే ఉంటుంది కాబట్టి సైజు మారితే పాత యాప్ పంపే నంబరు కొత్త డ్రైవర్‌కి తెలియదు. పాతది రెండు 32 బిట్ ఫీల్డులతో అలాగే వదిలెయ్, కొత్త కమాండ్ పెట్టి ఎస్64లో నానోసెకన్లు పంపు.

మారతహళ్ళి_కుర్రాడు:
థాంక్యూ అన్నా ఇద్దరికీ. ఎల్‌డివ్‌మాడ్ ఎర్రర్ నిజంగానే వచ్చింది, సరిచేశా. డేట్‌ని 2038 జనవరి 19, యూటీసీ 03:14:00కి పెట్టి ఎనిమిది సెకన్లు చూశా, డ్రైవర్ లాగ్‌లో తేడాలు ఎప్పటిలాగే వచ్చాయి, డేట్ కమాండ్ మాత్రం 1901 చూపించింది. మా యూజర్‌స్పేస్‌లో (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాముల్లో) జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) పాతది, 2.34కి ఎక్కించి టైమ్_బిట్స్ 64 (టైమ్_టీని 64 బిట్ చేసే సెట్టింగ్) పెట్టి అన్నీ మళ్ళీ బిల్డ్ చేయాలి. ఆ స్క్రీన్ ఫోటో తీసి లీడ్ గారికి పంపా, ఈ స్ప్రింట్‌లోనే పెట్టమన్నారు.