‘ఫ్లాయిడ్ పారిస్ 71’ అని రాసున్న క్యాసెట్ దొరికింది, ఇది ఏ కచేరీ?

నల్లగొండ పోరడు:
అన్నలూ, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ లైవ్ రికార్డింగులు జమచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మా మేనమామ 80లలో దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. మొన్న పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఆయన క్యాసెట్ల డబ్బా దొరికింది. అన్నీ ఖవ్వాలీలు, గజళ్ళు, అడుగున మాత్రం ఒక 90 నిమిషాల క్యాసెట్ మీద నీలం బాల్‌పెన్‌తో ‘ఫ్లాయిడ్ పారిస్ 71’ అని ఉంది. మామను అడిగితే రూమ్మేట్ దగ్గర కాపీ చేసుకున్నా, అంతకుమించి యాదికి లేదురా అన్నాడు. 1971లో పారిస్ కచేరీల కోసం రెండు రాత్రులు వెతికినా తేలలేదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే భయపడి ప్లేయర్‌లో పెట్టలేదు.

ఇంకోటి, ‘అరుదైన 200 షోలు, అన్నీ ఫ్లాక్ (నాణ్యత తగ్గని ఆడియో ఫైళ్ళు)’ అంటే ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 2,500 పెట్టి పెన్‌డ్రైవ్ కొన్నా. వింటే డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాలు (సింబల్స్) నీళ్ళలో మోగినట్టున్నాయి. మునిగినట్టేనా?

పాలమూరు రేడియో:
తమ్మీ, నువ్వు వెతకాల్సింది ఫ్రాన్సులో కాదు, లండన్‌లో. పారిస్ థియేటర్ అని బీబీసీ వాళ్ళు కచేరీలు రికార్డు చేసే హాలు ఒకటి అక్కడ ఉండేది. ఫ్లాయిడ్ అందులో 1970 జూలై 16న ఒకసారి, 1971 సెప్టెంబర్ 30న ఇంకోసారి వాయించారు, రెండోది అక్టోబర్ 12న రేడియోలో వచ్చింది. పాటల మధ్య బీబీసీ వ్యాఖ్యాత జాన్ పీల్ నెమ్మదిగా మాట్లాడుతుంటే, ‘ఎకోస్’ అనే పాట పాతిక నిమిషాలు దాటితే, నీది 71దే.

ముందు బూజు సంగతి చూడు. అట్లనే పెడితే ప్లేయర్ హెడ్డుకూ అంటుకుంటుంది, దాని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, రీళ్ళను వేరే ఖాళీ క్యాసెట్ డొల్లలోకి మార్చు. టేపు వెనక స్పాంజి ముక్క ఊడిందేమో కూడా చూడు, అది లేకుంటే ధ్వని వస్తూ పోతూ ఉంటుంది. డెక్ (క్యాసెట్ ప్లేయర్) కావాలంటే ఆదివారం ఎర్రగడ్డ అంగడికి పో, బెల్టు సాగిందో లేదో అక్కడే తిప్పించి చూసుకో.

మిర్యాలగూడ గిటార్:
పెన్‌డ్రైవ్ సంగతి నేను చెప్తా. స్పెక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైలు అందులో వేస్తే శబ్దం ఎంత పై ఫ్రీక్వెన్సీ దాకా ఉందో చూపే బొమ్మ వస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది చాలాసార్లు ఎంపీ3ని ఫ్లాక్ డబ్బాలో పెట్టి అమ్మిన సరుకే. అయితే తొందరపడి తిట్టకు, ఎఫ్ఎం ప్రసారం కూడా 15 కిలోహెర్ట్జ్ దాటదు. కొన్ని రేడియో రికార్డింగుల్లో 19 దగ్గర సన్నని గీత ఒకటి కనిపిస్తుంది, అది స్టీరియో పైలట్ టోన్, అంటే ప్రసారం స్టీరియోలో ఉందని రిసీవర్‌కు చెప్పే సంకేతం, రేడియో నుంచే వచ్చిందనడానికి మంచి గుర్తు. నీళ్ళలో మోగడం మాత్రం ఎంపీ3 లక్షణమే, కాబట్టి డబ్బులు పోయినట్టే. ఈ రికార్డింగులు పంచుకునేవాళ్ళ మొదటి నియమమే అమ్మొద్దు, కొనొద్దు అని, ఎవడైనా రేటు చెప్పాడంటే అక్కడే లేచి రావాలి.

దేవరకొండ డ్రమ్స్:
ఒక మాట అంటా, కోప్పడొద్దు. ఆ బీబీసీ షో 2016లో వచ్చిన ‘ది ఎర్లీ ఇయర్స్’ బాక్స్ సెట్‌లో శుభ్రంగా ఉంది. బూజు పట్టిన కాపీకి ఇంత కష్టమెందుకు?

మిర్యాలగూడ గిటార్:
అట్లంటే కచేరీలను దొంగచాటుగా రికార్డు చేసిన మైక్ మిల్లర్డ్ కూడా ఇంట్లో కూర్చోవాల్సింది. ఆయన చక్రాల కుర్చీలో రికార్డర్ దాచి హాల్లోకి పోయేవాడు, నడవగలిగి కూడా! 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజిలెస్‌లో అట్లనే ఫ్లాయిడ్‌ను టేపు చేశాడు. 50 ఏళ్ళకు, 2025లో, అదే టేపును అధికారికంగా విడుదల చేశారు. ఏ కాపీ ఎప్పుడు పనికొస్తుందో ఎవరికి తెలుసు.

నల్లగొండ పోరడు:
ఆదివారం ఎర్రగడ్డ పోయొచ్చా, డెక్ 1,800. డొల్ల మార్చి పెట్టా. జాన్ పీల్ ఉన్నాడు అన్నా! టేపు కొంచెం వేగంగా ఉరుకుతోంది, ‘ఎకోస్’ మధ్యలో సైడ్ అయిపోయింది, తిప్పితే రెండు మూడు సెకన్లు మాయం. అసలు విషయం ఏందంటే, పాట అయిపోగానే కాస్త గరగర, వెంటనే ఖవ్వాలీ. టేపు మిగిలింది కదా, ఖాళీగా ఎందుకని నింపినా అంటాడు మామ. ఫ్లాక్ చేసేటప్పుడు అది కోసేయాలా?

పాలమూరు రేడియో:
కోయకు. వేగం సరిచేసిన ఫైలు వేరేగా పెట్టుకో, అసలుది మాత్రం ఖవ్వాలీతో సహా అట్లనే ఉంచు. నాకూ ఒకటి పంపు.