సింగపూర్ నుంచి బ్యాంకాక్: వెళ్ళేప్పుడు గంటన్నర, వచ్చేప్పుడు మూడున్నరా?

అమలాపురం_అబ్బాయి:
అమ్మానాన్న సింగపూర్‌లో అక్క దగ్గరున్నారండి. తిరుగు ప్రయాణం బ్యాంకాక్ మీదుగా చూస్తున్నా. అక్కడ ఉదయం 10:00కి ఎక్కితే బ్యాంకాక్ పెద్ద ఎయిర్‌పోర్టు సువర్ణభూమిలో 11:25కి దిగుతారట. అదే కంపెనీ విమానం అటునుంచి 14:00కి బయల్దేరి సింగపూర్ చేరేది 17:25కి. ఒకే దారికి రెండు గంటల తేడా ఏంటండి? అసలు దూరమెంత? హైదరాబాద్ విమానం బ్యాంకాక్‌లోనే రెండో ఎయిర్‌పోర్టు డాన్ మువాంగ్ నుంచి 15:00కి, వేరే టికెట్టు. మధ్యలో మూడున్నర గంటలుంది కదా, సరిపోద్దా?

లంకపొలం:
తేడా విమానంలో లేదండి, గడియారంలో ఉంది. బ్యాంకాక్ టైము సింగపూర్ కంటే గంట వెనక. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. 11:25 అంటే సింగపూర్ వాచీలో 12:25, అంటే ప్రయాణం 2 గంటల 25 నిమిషాలు. వచ్చేప్పటి 3:25లోంచి గంట తీసేస్తే మళ్ళీ అదే.

సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగి నుంచి సువర్ణభూమికి సూటిగా సుమారు 1,415 కి.మీ., డాన్ మువాంగ్‌కి ఇంకో 30 దాకా ఎక్కువ. దాన్ని విమానం వేగం గంటకి 830 కి.మీ.తో భాగిస్తే 1:42 వస్తుంది, ఆ లెక్క నమ్ముకోవద్దు. విమానం పైకి ఎక్కేప్పుడు, కిందికి దిగేప్పుడు ఆ వేగం ఉండదు. గేటు నుంచి రన్‌వేకి పాకడం, వరసలో ఆగడం కూడా టికెట్టు టైములోనే కలిపేస్తారు.

కాకినాడ_రేవు:
చిన్న ముచ్చట. మన దేశం టైము లెక్కకట్టే 82½ డిగ్రీల రేఖ మా కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి మన గడియారం సూర్యుడితో సరిపోద్ది. సింగపూర్ 1982 జనవరి 1న అరగంట ముందుకి జరిపి గ్రీన్‌విచ్ టైముకి 8 గంటలు ముందుండే జోన్లోకి వెళ్ళింది. సూర్యుడి లెక్కన వాళ్ళ వాచీ గంటకి పైనే ముందు. అందుకే అక్కడ ఏడింటికి గాని తెల్లారదు.

గట్టుమీద_చెట్టు:
అసలు విషయం వదిలేశారు. ఆ కనెక్షన్ అవ్వదండి. వేరే టికెట్టు కాబట్టి సామాను వాళ్ళే తీసుకోవాలి, ఇమిగ్రేషన్ దాటాలి. 11:25కి దిగితే బయటికొచ్చేసరికి 12:30 అనుకోండి. సువర్ణభూమి నుంచి డాన్ మువాంగ్ 40 కి.మీ. పైనే. టికెట్టు చూపిస్తే ఎక్కనిచ్చే ఉచిత బస్సుంది గాని, ట్రాఫిక్‌ని బట్టి గంటో గంటన్నరో. బస్సు కోసం ఆగాల్సిందీ ఉంది. 14:00 దాటాక చేరతారు. బడ్జెట్ విమానాల కౌంటర్ మామూలుగా 60 నిమిషాల ముందే మూసేస్తారు. అంటే 14:00కే.

అమలాపురం_అబ్బాయి:
ఉదయం 9:40కి డాన్ మువాంగ్‌లోనే దిగే విమానం ఉందండి. అది?

గట్టుమీద_చెట్టు:
ఆయ్, అది తీసుకోండి. అయినా ఇమిగ్రేషన్ తప్పదు. థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు (వెళ్ళేముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) 2025 మే 1 నుంచి తప్పనిసరి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, ఫీజు లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే బయటికొచ్చేయండి. వీసా నియమాలు మారుతున్నాయి, టికెట్టు కొనేముందే థాయ్ ఎంబసీ సైట్లో చూడండి.

లంకపొలం:
ఇంకోటి. చాంగిలో టెర్మినల్ 4 తప్ప మిగతావాటిలో సెక్యూరిటీ తనిఖీ గేటు దగ్గరే. లోపల కొన్న నీళ్ళ సీసా అయినా అక్కడ పారబోయాల్సిందే. తనిఖీ అయ్యాక నింపుకునేలా పెద్దవాళ్ళకి ఖాళీ సీసా ఇచ్చి పంపండి.