మాస్టారి పేరిట జరగవలసినది ర్యాపిడ్ టోర్నమెంటా, ఆయన దాచిన ఆటల ప్రచురణా?

ద్వారకానగర్ పాఠకుడు:
విశాఖలో ఒకప్పుడు చదరంగం పోటీలకు వెళ్లినవారికి మాస్టారిని పరిచయం చేయనక్కరలేదు. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే పిల్లల కోసం తెలుగులో చదరంగం మొదటి పాఠాల పుస్తకం రాసి, వేసవి సెలవుల్లో పాఠశాల గదులు అడిగి పుచ్చుకుని టోర్నమెంట్లు నడిపి, ప్రతి టోర్నమెంటు ముగిశాక మంచి ఆటలను ఏరి సైక్లోస్టైల్ తీయించి పంచిపెట్టిన మనిషి ఆయన. ఆయన పోయిన తరువాత శిష్యులూ మిత్రులూ కలిసి కొంత సొమ్ము పోగుచేశారు. దానితో ఏటా ఆయన పేరిట ఒకరోజు ర్యాపిడ్, అంటే తక్కువ సమయంలో ముగిసే ఆటల టోర్నమెంటు జరపాలని కొందరు, ఆయన పుస్తకాన్నీ ఇంట్లో ట్రంకు పెట్టెలో మిగిలిన ఆటలనూ అచ్చు వేయించాలని మరికొందరు అంటున్నారు. రెండింటికీ చాలినంత డబ్బు లేదు. నా మొగ్గు ప్రచురణ వైపే ఉన్నప్పటికీ, అవతలి వాదన పూర్తిగా వినకుండా తేల్చడం న్యాయం కాదు గనుక మీ అందరి అభిప్రాయం అడుగుతున్నాను.

గాజువాక ఆర్బిటర్:
చదరంగం లోకంలో పోయినవారిని తలచుకునే పద్ధతి టోర్నమెంటే. క్యూబాకు చెందిన ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా 1942లో కన్నుమూస్తే, 1962లో హవానాలో ఆయన పేరిట మొదలైన స్మారక టోర్నమెంటుకు ప్రపంచంలోని పెద్ద ఆటగాళ్లు ఎందరో వచ్చారు. 1965లో అమెరికా ఆటగాడు ఫిషర్‌ను క్యూబా వెళ్లడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించకపోతే, ఆయన న్యూయార్కులోని మార్షల్ చెస్ క్లబ్బులో కూర్చుని టెలిప్రింటర్ మీద ఎత్తులు పంపుతూ ఆ టోర్నమెంటు ఆడాడు. ఒక పేరు బతికి ఉండడమంటే అది. పుస్తకం సంగతి మనందరికీ తెలిసిందే. ఆవిష్కరణ సభలో నలుగురు మాట్లాడతారు, శాలువాలు కప్పుతారు, మిగిలిన ప్రతులు ఎవరో ఒకరి అటక మీదికి చేరతాయి. పైగా ఒక్కో ఆట గంటల తరబడి సాగే క్లాసికల్ టోర్నమెంటుకు హాలు అద్దె, ఆర్బిటర్ల (పోటీ న్యాయనిర్ణేతల) భత్యం, రోజుల తరబడి కుర్చీలూ బల్లలూ కావాలి. ర్యాపిడ్ అయితే ఒక్క ఆదివారంతో సరిపోతుంది, పిల్లలు సోమవారం బడికి వెళ్లిపోతారు. మాస్టారు బతికి ఉంటే పిల్లలు ఆడుతుండగా చూడాలనే కోరుకునేవారు.

ఎంవీపీ కాలనీ శిష్యురాలు:
ఆర్బిటర్ గారి మాటను గౌరవిస్తూనే ఒక నియమాన్ని ఆయనకు గుర్తుచేస్తున్నాను, అది ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి అరవై నిమిషాల లోపు సమయమిచ్చే ఆటను అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ర్యాపిడ్ అంటుంది. అందులో ఆటగాళ్లు ఎత్తులు రాయనవసరం లేదు. సాయంత్రం కప్పులిచ్చాక అక్కడ ఎవరు ఏమి ఆడారో చెప్పే కాగితం ఒక్కటి కూడా మిగలదు. మాస్టారు పట్టుబట్టినది ఏ విషయానికో ఆయన దగ్గర ఆడిన వారెవరినైనా అడగండి. ఎత్తు వేయగానే రాయకపోతే బల్ల దగ్గరికి వచ్చి, మాట్లాడకుండా, పెన్సిలు తీసి మన ముందు పెట్టేవారు. ఓడిపోయి ఏడుస్తున్న పిల్లవాడు కూడా ఎత్తులు రాసిన కాగితం, అదే స్కోర్‌షీటు మీద సంతకం చేసి ఇచ్చాకే బయటికి వెళ్లాలి. అటువంటి మనిషి పేరిట ఒక్క ఆట కూడా నమోదు కాని టోర్నమెంటు పెట్టడం నాకు మింగుడుపడడం లేదు.

ఆ ట్రంకు పెట్టెను నేను చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ ఇంటి కిటికీ తలుపులు ఎగిరిపోయి, పై వరుసలోని స్కోర్‌షీట్ల కట్టలు తడిసిపోయాయి. అవి కార్బన్ పెట్టి తీసిన రెండో ప్రతులు కాబట్టి నీలం అక్షరాలు పక్క కాగితానికి అంటుకుని, ఒక ఆటలోని ఎత్తులు ఇంకో ఆట మీద అద్దం రాతలా కనిపిస్తున్నాయి. గుండుసూదులు తుప్పుపట్టి, తీయబోతే కాగితం చిరుగుతోంది. అడుగు వరుసలు బాగానే ఉన్నాయి కానీ, మరో రెండు వానాకాలాలు గడిస్తే అవీ దక్కవు. టోర్నమెంటు వచ్చే ఏడాదైనా పెట్టవచ్చు.

ఉక్కునగరం తండ్రి:
మా అబ్బాయి పోటీలకు వెళుతుంటాడు కాబట్టి తల్లిదండ్రుల తరఫున చెబుతున్నాను. ర్యాపిడ్ అంటే చిన్నచూపు దేనికి? మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లో మాస్కోలోనూ, 2024లో న్యూయార్కులోనూ ప్రపంచ ఛాంపియన్ అయినది ర్యాపిడ్‌లోనే కదా. ఊళ్లో టోర్నమెంటు లేకపోతే మేము రైలెక్కి విజయవాడో చెన్నయో పోవాలి. ప్రయాణం, లాడ్జి, ఎంట్రీ ఫీజు అన్నీ కలిపితే నెల జీతంలో ఎంత పోతుందో ఇక్కడున్న వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక పుస్తకం మాట. అందులో ఎత్తులు పాత డిస్క్రిప్టివ్ పద్ధతిలో రాశారని విన్నాను. ఆ పద్ధతిలో ప్రతి గడికీ తెల్లవారి వైపు నుంచి ఒక పేరు, నల్లవారి వైపు నుంచి మరొక పేరు ఉంటాయి. ఫిడే దాన్ని గుర్తించడం 1981లోనే మానేసింది. మా అబ్బాయికి ఆ రాత చూపిస్తే అర్థం కాలేదు. పైగా ఫోనులోని ఇంజను, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాము, ఒక్క నిమిషంలో ఎక్కడ తప్పు జరిగిందో చూపించే ఈ రోజుల్లో, ఎప్పుడో మన జిల్లా వాళ్లు ఆడుకున్న ఆటలు ఎవరు చదువుతారో చెప్పండి.

ద్వారకానగర్ పాఠకుడు:
ఎవరు చదువుతారన్న ప్రశ్న సరైనదే. 1953లో జ్యూరిక్‌లో, ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చడానికి జరిగిన కాండిడేట్స్ టోర్నమెంటులో 15 మంది ఆడారు, మొత్తం 210 ఆటలు జరిగాయి. ఆ టోర్నమెంటును నడిపిన కార్యవర్గం పేర్లు నేడు మనలో ఎవరికీ తెలియవు. ఆ ఆటలన్నిటికీ అందులో ఆడిన సోవియట్ గ్రాండ్‌మాస్టర్ బ్రాన్‌స్టీన్ వ్యాఖ్యానం రాశాడు కాబట్టి, డెబ్బయి ఏళ్లు దాటినా విశాఖలో కోచ్‌లు వాటిని పిల్లలకు చూపిస్తున్నారు.

2023 ఆగస్టులో తొంభై మూడేళ్ల వయసులో బెల్‌గ్రేడ్‌లో కన్నుమూసిన మతనోవిచ్ ఉదాహరణ మన సందర్భానికి ఇంకా దగ్గరిదని నా ఉద్దేశం. ఆయన గ్రాండ్‌మాస్టరే, గొప్ప ఆటలు ఆడినవాడే. అయితే లోకం ఆయనను గుర్తుపెట్టుకున్నది 1966లో మొదలుపెట్టిన ఇన్‌ఫార్మేటర్ అనే ఆటల సంకలనాల వల్ల. పావుల పేర్లకు బదులు బొమ్మలు, వ్యాఖ్యానానికి బదులు గుర్తులు వాడి, ఏ భాషా రానివాడు కూడా చదువుకోగలిగేలా దాన్ని రూపొందించారు. ఈ రోజు ఏ ఆటల డేటాబేసులో చూసినా సిసిలియన్ నైడార్ఫ్ అనే ప్రారంభానికి బి90 మొదలుకొని బి99 దాకా కనిపించే సంకేతాలు, 1974 నుంచి ఆయన సంపాదకత్వంలో వెలువడిన ప్రారంభాల విజ్ఞాన సర్వస్వం నుంచి వచ్చినవే. విదేశీ మారకద్రవ్యం దొరకడమే గగనమైన రోజుల్లో మన ఊరికి ఎవరో తెచ్చిన ఒక్క ఇన్‌ఫార్మేటర్ చేతులు మారుతూ, అట్ట ఊడిపోయి, చివరికి మాస్టారి దగ్గరికి చేరింది. విశాలాంధ్ర దుకాణంలో దొరికే సోవియట్ పుస్తకాలు, ఆ ఒక్క ఇన్‌ఫార్మేటర్, అంతే మా గ్రంథాలయం. మాస్టారు ఆ సైక్లోస్టైల్ బుల్లెటిన్లు వేసినది దాన్ని చూసే. విశాఖలో ఆడిన ఆట కూడా రాసి ఉంచదగినదేనని ఆయన నమ్మారు, నాకు ఆయనలో అన్నిటికంటే పెద్దదిగా కనిపించే గుణం అదే.

గాజువాక ఆర్బిటర్:
మతనోవిచ్ పేరెత్తారు కాబట్టి ఆ మాట పూర్తిగా చెప్పుకుందాం. ఇన్‌ఫార్మేటర్ నిలిచినది ప్రపంచమంతటా ఆడేవాళ్లు దాన్ని కొన్నారు కాబట్టి, ఆడేవాళ్లు ఉన్నది టోర్నమెంట్లు ఉన్నాయి కాబట్టి. జ్యూరిక్‌లో ఎవరో హాలు చూసి, ఖర్చు భరించి, బల్లలు వేయించబట్టే బ్రాన్‌స్టీన్ రాయడానికి 210 ఆటలు దొరికాయి. వాళ్ల పేర్లు మనకు తెలియకపోవడం మన లోపమే తప్ప వాళ్ల పని చిన్నదని కాదు. టోర్నమెంటు మానేసి ఆటల పుస్తకం వేయడమంటే పెళ్లి చేయకుండా ఆల్బమ్ కుట్టించినట్టే ఉంటుంది.

చట్టం సంగతి కూడా ఉంది. మన దేశంలో రచయిత పోయిన తరువాత అరవై ఏళ్ల దాకా గ్రంథ హక్కు వారసులది. పుస్తకానికి కుటుంబం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. స్కోర్‌షీట్లు టోర్నమెంటు నిర్వాహకుడి సొత్తు అని ఫిడే నియమాలలో ఉంది కాబట్టి ఆ కట్టల విషయంలో చిక్కు తక్కువే. శిష్యురాలు గారి అభ్యంతరానికి మాత్రం నా దగ్గర సమాధానం ఉంది. మొదటి నాలుగు బల్లల దగ్గర ఎత్తులు రాసే పని పెద్ద పిల్లలకు అప్పగిస్తే, ర్యాపిడ్‌లో కూడా ఆ ఆటలు దక్కుతాయి.

ఎంవీపీ కాలనీ శిష్యురాలు:
నాలుగు బల్లల ఏర్పాటు మంచిదే. అయితే మాస్టారి బుల్లెటిన్లు తిరగేస్తే అందులో గెలిచినవారి ఆటలే కాకుండా, ఆఖరి బల్ల మీద కూర్చున్న పిల్లల ఆటలు కూడా కనిపిస్తాయి. రాయడం నేర్చుకోవలసినది ఆ పిల్లలే గనుక వారి ఆటలు వేయాలని ఆయన అనేవారు.

ఖర్చు విషయంలో నేను కొంత దిగివస్తాను. ఆటలన్నిటినీ కాగితం మీద అచ్చు వేయనక్కరలేదు. వాటిని కంప్యూటరులో పీజీఎన్ అనే ఆటల ఫైళ్ల రూపంలో ఎక్కించి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచవచ్చు, ఒక ప్రతి ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి ఇవ్వవచ్చు. ఎక్కించడానికి డబ్బు అక్కరలేదు, చేతులు కావాలి. పుస్తకం మాత్రం అచ్చు కావాలి, ఎత్తులన్నీ నేటి పద్ధతిలోకి మార్చాలి. ఇంజను చూపించిన తప్పులను మూలంలో దిద్దకుండా, పేజీ అడుగున సూచిస్తే చాలునని నా అభిప్రాయం. కుటుంబంతో మాట్లాడాను, నోటిమాటగా ఒప్పుకున్నారు. కాగితం మీద సంతకం ఇంకా తీసుకోవాలి.

ఉక్కునగరం తండ్రి:
ఎక్కించే పనికి మా అబ్బాయినీ, వాడి స్నేహితులనూ ఆదివారాలు పంపిస్తాను, ఆ వంకన పాత రాత కూడా నేర్చుకుంటారు. కానీ ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. టోర్నమెంటు పెడితే పిల్లల దగ్గర తీసుకునే ఎంట్రీ ఫీజులో ఒక్క రూపాయి కూడా పుస్తకం ఖర్చుకు మళ్లించకూడదు. ఆ ఫీజు మొత్తం బహుమతులకూ, మధ్యాహ్న భోజనానికీ పోవాలి. పుస్తకానికి పెద్దలు వేరుగా చందాలు వేసుకోండి, నా వంతు నేనూ ఇస్తాను.

గాజువాక ఆర్బిటర్:
ఆ షరతుకు నాకు అభ్యంతరం లేదు. అయితే పోగైన సొమ్ములో హాలు అడ్వాన్సుకు ఎంత, అచ్చుకు ఎంత అన్నది ఈ చర్చలో తేలేది కాదు. ప్రెస్సు వారి అంచనా, హాలు వారి అద్దె రెండూ చేతికి వచ్చాక కూర్చుందాం. అప్పటికీ డబ్బు ఒకదానికే సరిపోతే నా ఓటు టోర్నమెంటుకే.