కొత్త క్రిప్టో ఖాతా తెరిచాను. డబ్బు వేయక ముందే ఏయే తాళాలు వేసుకోవాలి?

కందుకూరు మాస్టారు:
అందరికీ నమస్కారం. కిందటి వారం ఒక క్రిప్టో ఎక్స్చేంజీలో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు కొని అమ్ముకునే వేదికలో, ఖాతా తెరిచాను. కేంద్ర ఆర్థిక నిఘా విభాగం దగ్గర నమోదైన సంస్థ అవునో కాదో చూసుకొనే తెరిచాను, పాన్, ఆధార్ ఇచ్చి కేవైసీ కూడా పూర్తి చేశాను. ఈ నెల చీటీ పాడగా చేతికొచ్చిన డబ్బులో నలభై వేలు అందులో వేద్దామనుకుంటున్నాను. లాభనష్టాల సంగతి, 30 శాతం పన్ను సంగతి తెలిసే దిగుతున్నాను కాబట్టి వాటి గురించి అడగడం లేదు. నా భయం దొంగల గురించే. ప్రస్తుతం ఆ ఖాతాకు ఒక పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే ఓటీపీ తప్ప వేరే రక్షణ లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పెన్నా గట్టు, నెల్లూరు:
మాస్టారూ, డబ్బు వేయక ముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. మా బావమరిదికి ఆ అవకాశం లేకపోయింది. ఒక శనివారం సాయంత్రం ఆయన ఫోనులో సిగ్నల్ పోయింది. కోవూరు అవతల పొలంలో ఉన్నాడు, అక్కడ టవర్ ఎప్పుడూ అంతంత మాత్రమే, అందుకని పట్టించుకోలేదు. ఆదివారం ఇంట్లో వైఫై మీద వాట్సాప్ మామూలుగానే నడుస్తూ ఉండటంతో సిమ్ పోయిందన్న అనుమానమే రాలేదు. సోమవారం ఉదయం మెయిల్ తెరవబోతే పాస్‌వర్డు తప్పని వచ్చింది. ఎవరో ఆయన పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకున్నారు.

మన దేశంలో సిమ్ మార్చాక 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. నిజానికి అది మనం మేలుకోవడానికి దొరికే గడువు. ఆ గడువంతా టవర్‌ను తిట్టుకుంటూ గడిచిపోయింది. అది తీరగానే ఓటీపీలు దొంగ చేతిలోని సిమ్‌కు వెళ్లాయి. ఆ ఓటీపీతో ముందు మెయిల్ పాస్‌వర్డు మార్చాడు, మెయిల్ ద్వారా ఎక్స్చేంజీ పాస్‌వర్డు మార్చాడు, మళ్లీ అదే నంబరుకు వచ్చిన ఓటీపీతో విత్‌డ్రా చేశాడు. లక్షా ఎనభై వేలు పోయాయి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళ్లిన డబ్బయితే వెంటనే చెప్తే మధ్యలో ఆపించే వీలుంటుంది, కానీ క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి ఖరారైన బదిలీని వెనక్కి తిప్పే మనిషి ఎవరూ లేరు.

అందుకని ఎక్స్చేంజీ కన్నా ముందు మెయిల్‌కు తాళం వేయండి. ఎవరికీ ఇవ్వని కొత్త మెయిల్ ఒకటి దీనికోసమే పెట్టుకోండి, దాని రికవరీ నంబరుగా మీ ఫోను నంబరు ఉంచకండి. సిగ్నల్ అకారణంగా అరగంట పోయినా, ఇంట్లో వేరే ఫోను తీసుకొని మీ నంబరుకు చేసి చూడండి.

కావలి కోడర్:
ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి. ఖాతాకు కలిపేటప్పుడు ఒక రహస్య కీ ఫోనులోకి వస్తుంది. ఆ కీని, అప్పటి సమయాన్ని కలిపి యాప్ ప్రతి 30 సెకన్లకు ఆరంకెల సంఖ్యను తయారు చేస్తుంది. దీనికి సిగ్నల్‌తో, సిమ్‌తో పనే లేదు కనుక సిమ్ దొంగిలించినవాడికి ఆ సంఖ్య తెలియదు. అది పెట్టాక, ఎక్స్చేంజీ సెట్టింగుల్లో ఎస్సెమ్మెస్ మార్గం ఇంకా తెరిచే ఉందేమో చూసి, వీలుంటే దాన్ని మూసేయండి. ముందు తలుపుకు కొత్త తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచిన ఇళ్లు నేను చాలా చూశాను.

గుంటల రైతు, ముత్తుకూరు:
కోడర్ గారు చెప్పింది సత్యమే, అయితే దాని వెనక ఉన్న ఇంకో ప్రమాదం నాకు తగిలింది. నిరుడు ఒక రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే, ఫోను లైటు వేసుకొని గుంట కట్ట మీద జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతూ జారాను. ఫోను రొయ్యల గుంటలో పడింది. తెల్లారి వల వేసి తీస్తే దొరికింది కానీ మళ్లీ వెలగలేదు. కొత్త ఫోనులో అదే సిమ్ వేసుకున్నాను, పాస్‌వర్డు గుర్తుంది, ఆ ఆరంకెలు మాత్రం లేవు. యాప్ పెట్టిన రోజు తెర మీద కనిపించిన బ్యాకప్ కోడ్‌లను, అంటే ఫోను లేనప్పుడు ఆరంకెల బదులు వాడే సంఖ్యలను, ఏముందిలే అని దాటేశాను. నేను నేనేనని వీడియోలో రుజువు చేసుకొని లోపలికి వెళ్లడానికి పదకొండు రోజులు పట్టింది. మాస్టారూ, ఆ కోడ్‌లను కాగితం మీద స్వహస్తంతో రాసి, తడి తగలని చోట పెట్టండి. ఫోనులో ఫోటో తీసి ఉంచితే రాసి ప్రయోజనం లేదు.

పెన్నా గట్టు, నెల్లూరు:
గూగుల్ ఆథెంటికేటర్ యాప్‌లోని కీలను గూగుల్ ఖాతాలో కూడా దాచే (సింక్ చేసే) వీలు 2023 నుంచి ఉంది కదా, అది పెట్టుకుంటే ఈ బాధ ఉండదేమో?

కావలి కోడర్:
ఫోను పోయినప్పుడు సింక్ ఆదుకుంటుంది, కాదనను. కానీ మీ బావమరిది గారి మెయిలే దొంగ చేతికి చిక్కింది. సింక్ ఉండి ఉంటే ఆ ఆరంకెలు కూడా దానితోపాటే పోయేవి. రెండు తాళంచెవులనూ ఒకే గుత్తికి కట్టవద్దనే నా అభిప్రాయం. కాగితమే మేలు.

ఇంకొక మాట. నకిలీ వెబ్‌సైటులో మీ అంతట మీరే పాస్‌వర్డు, ఆరంకెలు కొడితే, వాడు అదే క్షణంలో అసలు సైటులో వాటిని వాడేస్తాడు, యాప్ అక్కడ ఏమీ చేయలేదు. గూగుల్‌లో వెతికి పైన కనిపించిన ప్రకటన నొక్కడం, వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ చేసే) ఫైలు వేసుకోవడం పూర్తిగా మానేయండి. మీ ఎక్స్చేంజీలో పాస్‌కీ (పాస్‌వర్డు బదులు వాడే డిజిటల్ తాళంచెవి) సౌకర్యం ఉంటే దాన్నే ఎంచుకోండి, ఎందుకంటే అది అసలు సైటు చిరునామాకు తప్ప వేరే చిరునామాకు జవాబివ్వదు.

జెరాక్స్ షాపు, ఒంగోలు:
డూప్లికేట్ సిమ్‌కు కావలసిన కాగితాలు దొంగలకు ఎక్కడ దొరుకుతాయని ఆశ్చర్యపోయేవారికి ఒక సంగతి చెప్పాలి. కర్నూలు రోడ్డులో నాకు షాపు ఉంది. ప్రింటు కోసం రోజూ ఎందరో ఆధార్, పాన్ మా వాట్సాప్‌కు పంపి, కాగితం తీసుకొని వెళ్లిపోతారు. ఒకరోజు రాత్రి కంప్యూటరులో డౌన్‌లోడ్స్ తెరిచి చూస్తే, ఊరు, పేరు, పుట్టిన తేదీ, ముఖంతో సహా వందల మంది కార్డులు వరుసగా ఉన్నాయి. నాకే భయం వేసింది. ఆనాటి నుంచి షట్టరు దించే ముందు అన్నీ తుడిచేస్తున్నాను, అందరూ అలా చేస్తారన్న నమ్మకం లేదు. మాస్టారూ, ఆధార్ ఇవ్వక తప్పని చోట మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ప్రింటు కాగానే పక్కనే నిలబడి ఫైలు తుడిపించండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి, మీది కానిది కనిపిస్తే అక్కడే తెలియజేయవచ్చు.

కావలి కోడర్:
విత్‌డ్రా చిరునామాల, అంటే నాణేలు పంపే వాలెట్ల (నాణేల డిజిటల్ ఖజానాల) చిరునామాల, జాబితా కూడా పెట్టుకోండి. దాన్ని ఆన్ చేస్తే ముందుగా చేర్చిన చిరునామాలకు తప్ప వేరేచోటికి నాణేలు వెళ్లవు. కొత్త చిరునామా చేర్చితే చాలా ఎక్స్చేంజీలు ఒక రోజు ఆపుతాయి, దొంగ లోపలికి వచ్చినా ఆ రోజు మనదే.

ఇవన్నీ మన వైపు తాళాలు మాత్రమే. 2024 జూలై 18న వజీర్ఎక్స్ అనే మన దేశపు ఎక్స్చేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన నాణేలు పోయినప్పుడు, ఖాతాదారులు పెట్టుకున్న ఏ పాస్‌వర్డూ వారిని కాపాడలేదు, ఎందుకంటే దొంగలు పగలగొట్టింది సంస్థ వాలెట్‌ను. అమ్మకాలు, కొనుగోళ్లకు అవసరమైనంత మేరకే ఎక్స్చేంజీలో ఉంచండి.

కందుకూరు మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం కూర్చొని కొత్త మెయిల్ తెరిచాను, యాప్ కలిపాను, ఎస్సెమ్మెస్ మార్గం మూసేశాను. బ్యాకప్ కోడ్‌లను మా ఆవిడ చదువుతుంటే రెండు కాగితాల మీద రాశాను, ఒకటి బీరువాలో ఇంటి దస్తావేజుల మధ్య పెట్టాను, రెండోది రేపు మా అన్నయ్య ఇంట్లో ఇస్తాను. సంచార్ సాథీలో చూస్తే నావి కాక ఇంకొక నంబరు ఉంది, అది నాది కాదని తెలియజేశాను. చిరునామాల జాబితా ఆన్ చేసేసరికి 24 గంటలు ఆగమని వచ్చింది. నలభై వేలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, ఆ గడువు ముగిశాక ముందు ఐదు వందలు మాత్రం వేసి, తిరిగి తీసి చూసి, ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.