మోకాలి గుజ్జు ఊడింది, ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు

గద్వాల మగ్గం:
వయసు 34. గుంట మగ్గం మీద చీరలు నేస్తాను. కిందటేడు బైకు మీది నుంచి పడ్డప్పటి నుంచి మోకాలి నొప్పి. తొడ ఎముక చివర గుజ్జు ఎముక కనబడేంత లోతుగా ఊడిందని, 1.5 చదరపు సెంటీమీటర్లని ఎంఆర్ఐ రిపోర్టు. కర్నూలు డాక్టరు మైక్రోఫ్రాక్చర్ అన్నారు. హైదరాబాద్‌లో నా గుజ్జు కణాలే తీసి, బయట పెంచి అతికిస్తామన్నారు. ఆ ఖర్చుకు మగ్గం అమ్మినా చాలదు. ఇంకొకాయన పీఆర్పీ సూదులు (మన రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) చాలంటారు. రోజంతా కాళ్లతో తొక్కే పని నాది. ఎవరి మాట వినాలి?

పాలమూరు ఫిజియో:
అన్నా, నిలబెట్టి కాలు మొత్తానికి ఎక్స్‌రే తీశారా? కాలు వంకరగా ఉంటే బరువంతా ఒకే పక్క పడి, ఏం పూడ్చినా మళ్లీ అరుగుతుంది. లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే పట్టీలు), మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) బాగున్నాయా అన్నదీ ముందే తేలాలి.
గుజ్జులో రక్తనాళాలు ఉండవు, అందుకే తనంతట తాను పూడదు. పీఆర్పీతో కొందరికి నొప్పి తగ్గుతుంది కానీ గుంత పూడదు. మైక్రోఫ్రాక్చర్‌లో ఎముకకు సన్నని రంధ్రాలు పెడతారు; మజ్జ రక్తం గడ్డకట్టి కొత్త పొర వస్తుంది. అది అసలు గుజ్జంత గట్టిది కాదు, కొన్నేళ్లకు అరగవచ్చు. సాధారణంగా 2 చదరపు సెంటీమీటర్లలోపు గాయాలకే చేస్తారు. కణాల పద్ధతి పెద్ద గాయాలకు. చాలావరకు రెండు ఆపరేషన్లు. మొజాయిక్‌ప్లాస్టీ గురించి ఎవరూ చెప్పలేదా? బరువు పడని చోటి నుంచి గుజ్జును ఎముక ముక్కతో సహా తీసి గుంతలో దిగ్గొడతారు. ఒకే ఆపరేషన్. మీ కొలతకు అదీ అడగదగ్గదే.

దేవరకొండ:
మా నాన్నకు మోకాలు మార్చారు, హాయిగా నడుస్తున్నారు. అదే చేయించుకో తమ్ముడూ.

పాలమూరు ఫిజియో:
పెద్దాయనది కీలంతా అరిగిన మోకాలు. ఈయనది ఒక్కచోటి గాయం, పైగా 34 ఏళ్లు. దయచేసి ఆ దారి చూపకండి.

మిర్యాలగూడ:
నాకు మైక్రోఫ్రాక్చర్ అయింది. ఆపరేషన్ కంటే తరువాతి ఆరు వారాలే కష్టం: చంకకర్రలు, ఆ కాలిపై బరువు పెట్టొద్దని ఆంక్ష. నేను మిల్లులో లెక్కలు రాసేవాడిని కాబట్టి కూర్చుని నెట్టుకొచ్చాను. మీరు గుంటలోకి ఎలా దిగుతారు? తొక్కుడు పని ఎప్పుడు మొదలుపెట్టవచ్చో డాక్టరుతో ముందే తేల్చుకోండి.

గద్వాల మగ్గం:
కాలు ఎక్స్‌రే ఎవరూ తీయలేదు. సోమవారం కర్నూలు వెళ్లి అదే అడుగుతాను, మొజాయిక్‌ప్లాస్టీ సంగతీ అడుగుతాను. పెళ్లిళ్ల ఆర్డర్లు ఒప్పుకుని ఉన్నాను, అవి దింపాకే ఏదైనా.